గురుపీఠము నుండి మంత్రిపీఠమునకు

ఉపాధ్యాయునకు రాజకీయము లెందుకను మాట పల్లెటూళ్ల అరుగులపై తరచు వినబడుచుండును. కశింకోట వంటి గ్రామములలో చెరకు, వరి పండించు రైతులు తమ బిడ్డలకు చదువు చెప్పు పంతులుగారిని గౌరవింతురు. కాని రాజ్యపాలన ఆయన పని కాదందురు. ఈ అభిప్రాయ మెంతవరకు సమంజసమో తెలిసికొనుటకు కానూరి లక్ష్మణరావుగారి జీవితమును పరిశీలింపవలయును.

కె. ఎల్. రావుగా లోకమెరిగిన ఆయన 1902లో కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించిరి. బాల్యమునందే తండ్రిని, ఒక కంటి చూపును కోల్పోయిరి. అయినను చదువు మానలేదు. మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, రంగూనులో అధ్యాపకులై, 1939లో బర్మింగుహాం విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందిరి. స్వదేశమునకు తిరిగివచ్చి కేంద్ర జల విద్యుత్ సంఘమున ఉన్నతపదవు లధిష్ఠించిరి. 1962లో విజయవాడ ప్రజలు ఆయనను లోకసభకు పంపిరి. 1963 నుండి సుమారు పదేండ్లు కేంద్రమంత్రిగా నీటిపారుదల, విద్యుత్ శాఖల భారము వహించిరి.

పాఠము చెప్పినవాడు పదవిలోనికి ఏమి తీసికొనిపోవును? లెక్కను నల్లబల్లపై అందరి యెదుట చేసి చూపు అలవాటును తీసికొనిపోవును. నాగార్జునసాగరు ఆనకట్ట రూపకల్పనలో ఆయన పాత్ర గణనీయమైనది. దేశమున యంత్రములు కొరతగాను, మనుష్యుల చేతులు సమృద్ధిగాను ఉన్న ఆ కాలమున దానిని రాతితో కట్టుట వేలాది కూలీలకు పని కల్పించినది. దేశస్థితి నెరిగిన శాస్త్రజ్ఞానమునకు అది గుర్తు.

అయితే పండితుడు పొరబడడా? పడును. 1972లో ఆయన ప్రతిపాదించిన గంగా-కావేరీ అనుసంధానము 2,640 కిలోమీటర్ల పొడవైనది. నీటిని ఎంతో ఎత్తునకు తోడవలసిన ఆ పథకమునకు వ్యయమును తక్కువగా అంచనా వేసిరనియు, విద్యుత్తు విపరీతముగా కావలయుననియు తరువాతి పరిశీలనలో తేలినది. అది అమలునకు రాలేదు.

ఈ వైఫల్యమును చూపి విద్వాంసులు పాలనకు పనికిరారనుట తొందరపాటు. సోపానములన్నియు వ్రాసిన విద్యార్థి జవాబు తప్పినను, తప్పెచ్చటనో ఉపాధ్యాయుడు చూపగలడు. జవాబు మాత్రమే వ్రాసినవానిని దిద్దుట యెట్లు? రావుగారి పథకమున అంకెలుండినవి గనుకనే దానిని పరీక్షించుట సాధ్యమైనది. అంకెలు లేని వాగ్దానమును ఎవరును పరీక్షింపలేరు. అందుచేత అది ఎన్నడును తప్పినట్లు కనబడదు. ప్రజలకు ఎక్కువ హాని చేయునది ఇదియే.

పండితులందరును మంత్రులు కావలయునని దీని భావము కాదు. మంత్రి యెవరైనను లెక్క చూపుమని అడుగగల పౌరులు కావలయును. అట్టివారిని తయారుచేయు పని బడిపంతులుది; అది మంత్రిపదవికి తీసిపోదు. పోలవరము ఎడమ కాలువను గోదావరి జలము అనకాపల్లి ప్రాంతమునకు చేరునట్లు రూపొందించిరి. ఆ నీరెంత, ఏ ఋతువున వచ్చును, ఎవరి యూళ్లు మునిగినందున వచ్చును అని కశింకోట విద్యార్థి లెక్కవేసి అడుగగలిగిన నాడు, 1986లో కన్నుమూసిన ఆ అధ్యాపకుని పాఠము సార్థకమగును.