తెరిచిన పోర్టు పక్కన బ్యాకప్ ఉండదు

"మన ఇంట్లో ఏముందని హ్యాకర్ వస్తాడు?" మస్కట్ తెలుగువాళ్ళ మధ్య తరచూ వినిపించే మాట ఇది. రూవీలోనో దార్‌సైత్‌లోనో ఫ్లాట్‌కి ఫైబర్ వస్తుంది. రౌటర్ పక్కన ఒక నాస్ పెట్టె, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె, చేరుతుంది. పిల్లల ఫొటోలు, పాస్‌పోర్టు స్కాన్లు, అటెస్టేషన్ ముద్రలు పడిన డిగ్రీలు, ఊళ్ళో పొలం కాగితాలు అన్నీ అందులోకే. సెలవుల్లో ఊరినుంచి కూడా చూసుకోవాలని రౌటర్‌లో పోర్టు, అంటే నెట్‌నుంచి లోపలికి వచ్చే దారి, తెరుస్తారు. ఇక అంతా భద్రమే అనుకుంటారు. ఈ నమ్మకం పూర్తిగా తప్పు.

హ్యాకర్ మనల్ని ఏరికోరి రాడు. అతని ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లోని చిరునామాలను రాత్రింబవళ్ళు తట్టి చూస్తుంటాయి. తెరిచిన పోర్టు దొరికితే చాలు, అది బ్యాంకుదా, బతకడానికి వచ్చిన ఉద్యోగిదా అన్నది వాటికి అక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే రాన్సమ్‌వేర్ క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల మీద పడింది. ఫైళ్ళను సెవెన్‌జిప్‌తో మూసి, పాస్‌వర్డ్ ఇవ్వడానికి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. అప్పటి ధరకి 500 డాలర్ల పైచిలుకు. పెద్ద కంపెనీని అడిగే సొమ్మా ఇది? బిడ్డ మొదటి పుట్టినరోజు ఫొటోల కోసం ఒక జీతగాడు అప్పుచేసైనా కట్టే సొమ్ము. ఆ ధర మనలాంటి ఇళ్ళకి సరిపోయే ధర.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకున్నాం అంటారు కొందరు. క్యూలాకర్ లోపలికి వచ్చిన దారి ఆ పెట్టెలోని బ్యాకప్ సాఫ్ట్‌వేరే! తయారీదారు అందులో వదిలేసిన లాగిన్ వివరాలే తాళంచెవి అయ్యాయి. యజమాని పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా ఏం ఉపయోగం? అదే ఏడాది జూన్‌లో ఎన్నో దేశాల్లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డిస్కులు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. వాటికి కంపెనీ అప్‌డేట్లు 2015లోనే ఆగిపోయాయి. నెట్‌కి తగిలించి ఉంచినవాళ్ళే నష్టపోయారు.

నెట్‌నుంచి చేరగలిగే పెట్టె ఏదైనా వాడకానికి పనికొస్తుందేమో గానీ బ్యాకప్ కాదు. బ్యాకప్ అంటే ప్లగ్ తీసేసిన డిస్కు. అది కూడా నాస్ ఉన్న ఫ్లాట్‌లోనే ఉంటే చాలదు. 2007 జూన్‌లో గోను తుఫానుకి మస్కట్‌లోని ఖురుమ్ మునిగింది. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని ముంచింది. నీళ్ళొస్తే నాస్, దాని పక్కనే ఉన్న డిస్కు రెండూ పోతాయి. ఏటా సెలవుకి వెళ్ళే మనకి మార్గం చేతిలోనే ఉంది: ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక డిస్కు కరీంనగర్‌లోనో రాజమండ్రిలోనో ఇంటి బీరువాలో ఉండాలి. వచ్చే సెలవుకి కొత్తది తీసుకెళ్ళి, పాతది వెనక్కి తెచ్చుకోవాలి.

మరి దూరంనుంచి చూసుకోవడం? చాలా ఇళ్ళకి ఆ అవసరమే లేదు. ఊరికి కావలసిన నాలుగు కాగితాలు ఫోన్‌లో వేసుకుంటే సరిపోతుంది. తప్పదంటే నాస్‌కి తెరిచిన పోర్టులు మూసి, రౌటర్‌లో పోర్టులను అడక్కుండానే తెరిచే యూపీఎన్‌పీ ఆపి, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ ద్వారానే లోపలికి రావాలి. ఒమన్‌లో వీపీఎన్‌కి నిబంధనలున్నాయి. పెట్టుకునే ముందే టెలికాం నియంత్రణ సంస్థ టీఆర్ఏ దగ్గర తెలుసుకోవాలి.

ఇక, ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ డిస్కు పాస్‌వర్డ్ భర్తకి మాత్రమే తెలిసి ఉండటం చాలా ఇళ్ళలో చూస్తున్నాను. అతను ఆసుపత్రిలో పడితే భార్యకి ఇన్సూరెన్సు కాగితం కూడా దొరకదు. ఈ వారంలోనే ఇద్దరూ కూర్చుని, డిస్కు తగిలించి, ఆమె చేతే ఒక ఫైలు తెరిపించాలి.