చేతి గడియారం చెప్పే బి.పి.

మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు మూడు నెలలుగా రక్తపోటు మాత్రలు మానివేశారు. కారణమడిగితే మణికట్టు చూపించారు. కుమారుడు కొనిచ్చిన పదిహేను వందల రూపాయల స్మార్ట్‌వాచ్ ప్రతి ఉదయమూ 120కి అటూఇటూగానే చూపుతోందట. నా పాదరసపు యంత్రంతో చూస్తే 178/104. రెండవ చేతికి కూడా చూశాను. పెద్ద తేడా లేదు. "మీ యంత్రం పాతదైపోయింది డాక్టరుగారూ" అన్నారాయన.

ఆ వాచీని అడిగి తెచ్చుకుని వంటింట్లోని అరటికాయకు చుట్టాను. అరటికాయకు నాడి 72, బి.పి. 118/76! నవ్వు వచ్చిన మాట నిజమే. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వాచీ వెనుకనున్న ఆకుపచ్చని కాంతి చర్మంలోకి ప్రసరిస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడి రక్త పరిమాణం మారుతుంది. తిరిగివచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి నాడి వేగం లెక్కకడతారు. కదలకుండా కూర్చున్నవారికి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. నడకకు వెళ్లేటప్పుడు నేనూ ఒకటి పెట్టుకుంటాను. దానితో నాకు పేచీ లేదు. కానీ రక్తపోటు వేరు. 1896లో రీవా-రోచి చేతికి పట్టీ చుట్టి గాలి నింపినదీ, 1905లో కొరొట్కాఫ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపుతో ధ్వనులు విన్నదీ ధమనిని నొక్కి చూసి ఒత్తిడిని కొలవడానికే. నొక్కే పట్టీ లేక, పట్టీ యంత్రంతో సరిచూసే ఏర్పాటూ లేక, ఈ చౌక వాచీ చూపే అంకె కేవలం ఊహ. మాస్టారి వయసును అందులో 68 నుంచి 25కు మార్చి చూశాను. బి.పి.కి కూడా యౌవనం వచ్చేసింది!

చక్కెర సంగతి ఇంకా ఘోరం. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను నమ్మవద్దనీ, అటువంటి వేటికీ తాము అనుమతి ఇవ్వలేదనీ 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ అంకెను చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకున్నవారి గతి ఏమిటో ఆలోచించండి.

నా కోపం వాచీ మీద కాదు, దాని డబ్బా మీద. పైన బి.పి., ఆక్సిజన్ అని బొద్దు అక్షరాలు. లోపలి కాగితంలో, చీమ తలకాయంత ఆంగ్లంలో, "వైద్య అవసరాలకు కాదు" అని ఒక్క వాక్యం. ఆ వాక్యం కంపెనీని కాపాడుతుంది, మాస్టారిని కాదు. కిరాణా కొట్టులో తక్కెడ తేడా చూపితే తూనికలు కొలతల అధికారి జరిమానా వేస్తాడు. మరి ఈ డబ్బాను ఎవరు అడుగుతున్నారు? ఆ వాక్యాన్ని తెలుగులో, బొమ్మ పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో ముద్రించమనడం అత్యాశా?

మాస్టారు మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. అరటికాయ అంకెలు చూపించాకే సుమా! వాచీ ఏమి చూపినా మీ వైద్యుని అడగనిదే ఒక్క మాత్రా ఆపకండి. ఇంట్లో చూసుకోదలిస్తే మోచేతికి పైన కట్టే పట్టీ యంత్రం కొనుక్కోండి. అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, చేతిని గుండె ఎత్తులో బల్లపై ఉంచి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి, తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి.