చేతులు మారే పుస్తకమే చిరంజీవి

తాటాకుపై గంటం నడిచిన కాలంలో మన బమ్మెర పోతన భాగవతాన్ని తెలుగు చేసినాడు. పిమ్మట కాగితం వచ్చింది, అచ్చుయంత్రం వచ్చింది. నేడు అరచేతి పలకలో వేల గ్రంథాలు ఒదుగుతున్నవి. ఈ-పుస్తకం వల్ల అడవులు దక్కుతవని కొందరు, అచ్చు పుస్తకం అంతరించిపోతుందని మరికొందరు వాదిస్తున్నారు. రెండు వాదాలలోనూ సగమే సత్యమున్నదని మా అభిప్రాయం.

కాగితం ఖరీదు ఎంతటిదో మన ప్రాంతానికి తెలియనిది కాదు. కాజీపేట నుండి ఢిల్లీ పోయే రైలు మార్గంలో కాగజ్‌నగర్ తగులుతుంది. ‘కాగజ్’ అనే ఉర్దూ మాటతో తెలుగునేలపై ఒక ఊరు వెలసిందంటే, దానికి కారణం 1938లో నిజాం పాలనలో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు. అడవిలోని వెదురు, తరువాత రైతులు పెంచిన సుబాబుల్, నీలగిరి అక్కడ గుజ్జుగా మారినవి. ఆ మిల్లు 2014లో మూతపడి, 2018లో కొత్త యాజమాన్యం చేతికి వచ్చేదాకా కార్మిక కుటుంబాలు పడిన అవస్థ అందరికీ తెలిసిందే. కాగితం చెట్టునూ నీటినీ తింటుంది. మనుషులకు అన్నమూ పెడుతుంది.

మరి ఈ-రీడర్ మాటేమిటి? 2007లో కిండిల్ రాకతో ఈ పరికరం ప్రాచుర్యం పొందింది. దాని ఎలక్ట్రానిక్ సిరా తెర, పేజీ తిప్పినప్పుడు తప్ప దాదాపు విద్యుత్తును వాడదు. ఇది మెచ్చదగిన గుణమే. కాని దాని లిథియం బ్యాటరీకి, సర్క్యూట్లకు భూమిని తవ్వవలసిందే. పాడైనప్పుడు అది విషపు చెత్తగా మారుతుంది. ఏళ్ళ తరబడి పదుల పుస్తకాలు చదివేవారి చేతిలో అది పర్యావరణానికి మేలు చేయవచ్చు. ఏడాదికి రెండు పుస్తకాలు చదివి మూలన పడవేసేవారి చేతిలో కాగితం కంటే ఎక్కువ కీడే చేస్తుంది. కనుక లెక్క వస్తువును బట్టి కాదు, చదువును బట్టి. 1904లో హనుమకొండలో వెలసిన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయంలో వంద చేతులు మారిన పుస్తకానికి మించిన పర్యావరణ మిత్రుడు లేడు.

అట్లయితే ఈ-పుస్తకం మనకు అనవసరమా? కాదు. దాని అసలు మేలు వేరే ఉన్నది. తెలుగు, ఉర్దూ ప్రచురణకర్తలు ఐదు వందలో వేయో ప్రతులు వేస్తారు. అవి చెల్లిన పిదప ఆ గ్రంథం దొరకదు. అట్టి గ్రంథాలకు తెర పునర్జన్మనిస్తున్నది. 2013లో మొదలైన రేఖ్తా సంస్థ వేలాది ఉర్దూ గ్రంథాలను పాఠకులకు అందించింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆచార్య రాజ్ రెడ్డి చొరవతో నడిచిన పది లక్షల గ్రంథాల పథకం, దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, ఎన్నో పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసినవి. ఆ వేదిక నిలిచిపోయినా, వాటిలో అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలినవి. ఒకేచోట దాచినది నిలవదనుటకు ఇదొక పాఠం.

మరొక పాఠమూ ఉన్నది. 2009లో అమెజాన్ సంస్థ, హక్కులు లేని విక్రేత అమ్మిన ఆర్వెల్ నవల ‘1984’ను కొన్నవారి కిండిల్‌ల నుండి దూరాన ఉండే తుడిచివేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు, కొన్న పుస్తకాలు కూడా మాయమైనవి. సొమ్ము తిరిగి వచ్చినదే గాని పుస్తకం రాలేదు. పైగా 2016లో కిండిల్ ఐదు భారతీయ భాషలకు చోటిచ్చినప్పుడు వాటిలో తెలుగు లేదు, ఉర్దూ లేదు. పరాయి అంగడి మన భాషలను కాపాడుతుందని చేతులు ముడుచుకొని కూర్చుండుట వివేకం కాదు.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపం. మన వార్షిక సంచికల పాత ప్రతులను, తెలుగు, ఉర్దూ భాగాలు రెండింటినీ, చిరిగిపోకముందే స్కాన్ చేయించి మూడు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. అను ఫాంట్లలోనో పాత ఇన్‌పేజ్‌లోనో కూర్చిన పాఠం ఇతర యంత్రాలలో సరిగా తెరుచుకోదు గనుక, ఇకపై యూనికోడ్‌లోనే కూర్పించాలి. ప్రతి విద్యార్థీ పరికరం కొననవసరం లేదు. గ్రంథాలయమే నాలుగు ఈ-రీడర్లు కొని, పుస్తకం వలె వంతులవారీగా ఇవ్వవచ్చు. సంచికను మిగిలిపోకుండా, కావలసినన్ని ప్రతులే అచ్చువేయాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! కాగితమైనా, తెర అయినా చదివేవారుంటేనే పుస్తకం. మీ ఇంటి అల్మారాలో తాతగారి ఉర్దూ దీవానో, తెలుగు శతకమో ఉంటే, దానిని పాత కాగితాలవానికి తూచి అమ్మకముందు ఒకసారి మన గ్రంథాలయానికి తెచ్చి చూపండి.