కొలను పూడ్చేస్తే సమానత్వం వచ్చినట్టేనా?

పాత ఈతకొలనులను మ్యూజియంలుగా, వేడుకల వేదికలుగా మార్చడాన్ని వారసత్వ పరిరక్షణ అంటున్నారు. భవనం నిలబడటం మంచిదే. కానీ ఆ నీళ్ల చుట్టూ గీసిన గీతలు కూడా వారసత్వంలో భాగమేనని మా వాదన.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నగరంలో 1906లో విక్టోరియా బాత్స్ తెరిచారు. అందులో మొదటి తరగతి పురుషులకు ఒక కొలను, రెండో తరగతి పురుషులకు ఒకటి, స్త్రీలకు ఒకటి. మొదటి తరగతి వాళ్లు ఈదిన నీళ్లే తర్వాత రెండో తరగతికి, చివరికి స్త్రీలకు వెళ్లేవి. 1993లో అది మూతపడింది. 2003లో బీబీసీ నిర్వహించిన పోటీలో గెలిచి మరమ్మతులకు నిధులు పొందింది. ఇప్పుడక్కడ పెళ్లిళ్లు కూడా జరుగుతున్నాయి. నీళ్లు ఎవరి నుంచి ఎవరికి పారాలో నిర్ణయించే ఈ వరుస మనకు కొత్తది కాదు.

అమెరికాలో మార్పు మరో దారి పట్టింది. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగరం, నల్లజాతి వారు తమను పార్కుల్లోకి రానివ్వాలని కోర్టుకు వెళ్లాక, 1959లో పార్కులన్నీ మూసేసింది. ఓక్ పార్క్ ఈతకొలనును మట్టితో పూడ్చేసింది. 1965లో పార్కులు తెరుచుకున్నాయి గానీ కొలను తిరిగి రాలేదు. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరం కూడా అందరితో కలిసి ఈదనివ్వడం ఇష్టంలేక కొలనులు నడపడమే మానేసింది. 1971లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో దాన్ని సమర్థించింది. తెల్లవారికీ నల్లవారికీ సమానంగా మూసేశారు కాబట్టి వివక్ష కాదన్నది ఆ తీర్పు సారం. ఎందుకు మూశారన్న ప్రశ్నను పక్కన పెట్టిన తీర్పు అది.

ఈ తర్కం మనకు మహాడ్‌ను గుర్తు చేస్తుంది. 1923లో బొంబాయి శాసనమండలి చేసిన తీర్మానాన్ని అనుసరించి, మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అంటరానివారికి తెరుస్తున్నట్టు 1924లో ప్రకటించింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో వేలమంది అక్కడ నీళ్లు తాగారు. సవర్ణులు ఆ చెరువును ‘శుద్ధి’ చేశారు. అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కు తీసుకుంది. బొంబాయి హైకోర్టు హక్కును నిలబెట్టింది 1937లో. కాగితం మీద తెరవడం, ఆచరణలో మూయడం రెండు దేశాల్లోనూ స్థానిక సంస్థలు చేసిన పనే.

రాజ్యాంగంలోని 15(2) అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాలను పేరుపేరునా ప్రస్తావిస్తుంది. అయితే అది ఉన్న చోటికి సమాన ప్రవేశం ఇస్తుంది. ఆ చోటే లేకుండా పోయినప్పుడు, టికెట్ పెట్టినప్పుడు, ప్రైవేటు చేతికి ఇచ్చినప్పుడు మన వాదన అక్కడితో ఆగకూడదు.

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావిలో పేరుకున్న చెత్తను తీసి, 2022 డిసెంబరులో సందర్శకులకు తెరిచారు. మంచి పని. ఇలాంటి ప్రతి పునరుద్ధరణ దగ్గరా మేం మూడు ప్రశ్నలు అడగాలంటాం. ఒకప్పుడు ఇక్కడ నీళ్లు ఎవరికి దొరికాయి, ఎవరికి దొరకలేదు? ఆ చరిత్ర అక్కడి బోర్డు మీద ఉందా? ఇప్పుడు నిర్వహణలో, ఉపాధిలో, ప్రవేశంలో ఆ కులాల వాటా ఎంత? జవాబులు లిఖితపూర్వకంగా తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం ఉన్నది ఇందుకే.