పది గెలుపుల మొనగాడు

2018 వేసవిలో నెల్లాళ్లపాటు న్యూజెర్సీలో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. సాయంత్రమయ్యేసరికి అన్నయ్య కొడుకు టెలివిజన్ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని బేస్‌బాల్ చూసేవాడు. న్యూయార్క్ మెట్స్ జట్టులో బంతి విసిరే జేకబ్ డిగ్రామ్ అంటే వాడికి ప్రాణం.

"మీవాడు ఎన్ని ఆటలు గెలిచాడురా?" అన్నాను.

"గెలుపులు లెక్కపెట్టకూడదు బాబాయ్! జట్టువాళ్లు పరుగులు తీయకపోతే వాడేం చేస్తాడు?" అన్నాడు.

గెలవనివాడి గొప్పేమిటని నవ్వాను. వాడు కాగితం, పెన్సిలు తెచ్చి నాకు పాఠం మొదలుపెట్టాడు.

బంతి విసిరేవాడు ఆడుతుండగా అతని జట్టు పైచేయి సాధించి, దాన్ని చివరిదాకా నిలుపుకుంటే ఆ గెలుపు అతని ఖాతాలో వేస్తారట. పాతకాలంలో ఈ ఖాతాకే విలువ. 1990లో ఒక లీగులో ఉత్తముడికిచ్చే సై యంగ్ బహుమానం 27 ఆటలు గెలిచిన బాబ్ వెల్చ్‌కు దక్కింది. 21 గెలిచిన రోజర్ క్లెమెన్స్‌కు రాలేదు. కాని ఆటకు సగటున వెల్చ్ ఇచ్చిన పరుగులు 2.95, క్లెమెన్స్ ఇచ్చినవి 1.93 మాత్రమే!

ఈ సగటు కట్టడం సులువే. తోటివాళ్ల తప్పిదాలవల్ల వచ్చిన పరుగులు తీసివేసి, తక్కినవాటిని 9తో హెచ్చవేసి, అతడు విసిరిన ఇన్నింగ్సులతో భాగించాలి. ఆటకు 9 ఇన్నింగ్సులు గనుక 9. ఎంత తక్కువైతే అంత గొప్ప.

ఇదీ నిక్కచ్చి కాదు సుమా. పాదరసంలాంటి ఆటగాళ్లు వెనకుంటే దూరంగా పోయే బంతీ చేతికి చిక్కుతుంది. బ్యాటుకు తగిలి మైదానంలో పడ్డ బంతి ఏమవుతుందన్నది విసిరేవాడి చేతిలో లేదని 2001లో వోరోస్ మెక్రాకెన్ వాదించాడు. బ్యాటరును తానే ఔట్ చేసినవి, ఊరికే బేస్ ఇచ్చుకున్నవి, మైదానం దాటిన హోమ్ రన్లు - ముఖ్యంగా ఇవే అతని సొంతమన్నాడు.

ఆ ఏడాది ముగిసేసరికి డిగ్రామ్ గెలుపులు 10, ఓటములు 9. 217 ఇన్నింగ్సుల్లో అతని లెక్కకు వచ్చిన పరుగులు 41, సగటు 1.70. ఔట్లు 269, ఊరికే ఇచ్చిన బేసులు 46, హోమ్ రన్లు 10. సై యంగ్ బహుమానానికి ఓటువేసిన 30 మంది విలేఖరుల్లో 29 మంది అతనికే మొదటి స్థానమిచ్చారు. 1990కీ 2018కీ నడుమ మారింది ఆట కాదు, అడిగే ప్రశ్న.

ఆ వార్త వినేనాటికి నేను మా కాలేజీలో ఉన్నాను. అంతకుముందు సంవత్సరం మా శాఖలో ఒక కుర్ర లెక్చరరు క్లాసులో నూటికి 40 మందే పాసయ్యారు. అన్ని సెక్షన్లలోనూ తప్పినవాళ్లను ఏరి అతనికి అప్పగించినమాట అందరికీ తెలుసు. అయినా "ఫలితాలు అసంతృప్తికరం" అని రాసి కింద సంతకం పెట్టింది నేనే.

మర్నాడు అతణ్ణి పిలిచి, ఆ పిల్లలు చేరిననాటి మార్కుల జాబితా తెమ్మన్నాను. అతడు ముందు నమ్మలేదు. తరవాత పరుగెత్తుకు వెళ్లాడు.