పిల్లుల అంటువ్యాధియు మన కర్తవ్యమును

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన రాయచూరు జిల్లాలో పిల్లులు వరుసగా మరణించుచున్నవని పత్రికలు వ్రాసినవి. ఆ వ్యాధి పేరు ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా. ఆ వార్తను తరగతిలో చదివినప్పుడు మాలో కొందరు నవ్విరి. "మనుష్యులకే మందులు దొరకని యూళ్లలో పిల్లుల రోగమును గూర్చి చర్చ యేల?" అనిరి. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. దీనికి సమాధానము చెప్పవలసినదే.

తుంగభద్ర యెడమగట్టు కాలువ వచ్చిన పిదప మన పెద్దలలో పలువురు ఆంధ్రదేశము నుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో క్యాంపులు వేసికొని వరి పండించిరి. వరి యున్నచోట ఎలుక యుండును. ఎలుక తినునది కొంత, పాడుచేయునది మరికొంత. దాని మూత్రము వలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము మనుష్యులకును సోకును. జీతము, బత్తెము కోరక గాదెను కాచునది పిల్లి. ఈ లాభమును లెక్కింపకున్నను, ప్రాణికోటి యెడల దయ చూపుట పౌరుని ప్రాథమిక విధి యని మన రాజ్యాంగమున 51-ఏ అధికరణము చెప్పుచున్నది. 1976లో ఆ విధి అందు చేర్చబడెను. కావున ఇది నవ్వి విడువదగిన విషయము కాదు.

అయితే దయ యొక్కటియే చాలునా? చాలదని మేము అనుభవము వలన నేర్చుకొంటిమి. మా తప్పిదమును దాచుట న్యాయము కాదు గాన చెప్పుచున్నాము. గడచిన వేసవిలో వీథులలో దిక్కులేక తిరుగు నాలుగు పిల్లికూనలను తెచ్చి, ఒక మిత్రుని యింటి పశువులపాకలో ఉంచితిమి. అన్నిటికిని ఒకే బుట్ట, ఒకే పళ్లెము. ఒకనాడు బియ్యపుమిల్లు కడ దొరికిన అయిదవ కూనను తెచ్చి వానిలోనే కలిపితిమి. అది మందకొడిగా నుండెను. ఆకలిచే నీరసించినదని తలంచితిమి. మూడవనాడు అది వాంతి చేసికొనెను. వారము తిరుగునప్పటికి తక్కినవియు మేత మానినవి. పశువైద్యుని కడకు గొంపోవునప్పటికి ఆలస్యమయ్యెను. అయిదింటిలో బ్రదికినది ఒక్కటి. ఆ నాలుగింటిని చంపినది రోగమే. కాని ఆ రోగమును బుట్టలోనికి చేర్చినది మా చేతులే.

ఈ వ్యాధికి కారణము పార్వో జాతికి చెందిన వైరస్. అది ప్రేగులను, ఎముకల మజ్జను దెబ్బతీయును; రక్తములోని తెల్లకణములు క్షీణించును. జ్వరము, వాంతులు, విరేచనములు కలిగి శరీరములోని నీరు హరించుకొనిపోవును. టీకాలేని కూనలకు ఇది మిక్కిలి ప్రాణాంతకము. వైరస్‌ను నేరుగా చంపు మందు లేదు; సెలైను ఎక్కించుట, ఇతర క్రిములు సోకకుండ మందులిచ్చుట వంటి చికిత్సచే కొన్ని బ్రదుకును. మనుష్యులకు ఇది సోకదు. కాని మన చేతులు, చెప్పులు, బట్టలు దానిని మోసికొనిపోవును. నేలమీద, గోనెలలో అది ఒక సంవత్సరము వరకు నిలిచి యుండగలదు.

కావున పిల్లుల శరణాలయమును నెలకొల్పగోరువారు మొదట కట్టవలసినది పెద్ద శాల కాదు, వేరుగా ఒక చిన్న గది. వచ్చిన ప్రతి పిల్లిని 14 దినములు అందు ఉంచి చూడవలెను. రోగము పైకి కనబడుటకు పది దినముల వరకు పట్టవచ్చును గనుక ఈ గడువు అవసరము. జబ్బుపడినవానికి ఇంకొక గది యుండవలెను. అనుమానము కలిగినచో కుక్కల పార్వో వ్యాధికి వాడు మలపరీక్ష పట్టీయే దీనికిని పనికివచ్చును.

రెండవది టీకా. అది రేపు మాపు అనక పిల్లి వచ్చిననాడే వేయింపవలెను. శరణాలయములలో నాలుగు వారములు నిండిన కూనలకు మొదలిడి, ఇరువది వారముల వయస్సు వచ్చువరకు రెండు మూడు వారముల కొకసారి మరల వేయవలెనని పశువైద్యులు చెప్పుదురు. తల్లిపాల వలన వచ్చిన రక్షణ ఉన్నంతకాలము టీకా పట్టదు. ఆ రక్షణ యెప్పుడు తొలగునో ఒక్కొక్క కూనకు ఒక్కొక్క రీతి. అందుచేతనే ఒక్క టీకా చాలదు.

మూడవది శుభ్రత. మేము పాకను ఫినాయిలుతో కడిగి నిశ్చింతగా నుంటిమి. అది పొరపాటు. ఫినాయిలు ఈ వైరస్‌ను నమ్మకముగా చంపదు. పైగా పిల్లులకు విషము. మొదట మలినమును సబ్బునీటితో కడిగివేసి, పిమ్మట సోడియం హైపోక్లోరైట్ ద్రావణమును వాడవలెను. బజారున దొరకు అయిదు శాతపు ద్రావణము 1 పాలునకు 32 పాళ్ల నీరు కలిపి, పది నిమిషములు తడి ఆరకుండ ఉంచి, తరువాత కడుగవలెను. పని చేయువారు ఆరోగ్యముగా నున్నవానిని ముందు, జబ్బువానిని చివర చూడవలెను. పళ్లెములు, చీపుళ్లు, చెప్పులు గదికి వేరువేరుగా నుండవలెను.

అన్నిటికంటె కష్టమైనది, చోటునకు మించి చేర్చుకొనకుండుట. గుమ్మము కడ అరచు కూనను కాదనుట క్రూరముగా దోచును. కాని పది పిల్లులకు తగిన చోట ముప్పదింటిని కుక్కుట అంతకంటె క్రూరము.

"రోగము వచ్చినవానిని ఊరిబయట విడిచివేసిన పీడ పోవును గదా" అను వారు కలరు. విడిచినచోట పీడ పోదు, పదిచోట్లకు పోవును. వేరుపరచుట మన పెద్దలకు క్రొత్త కాదు. ప్లేగు వచ్చిన దినములలో ఊళ్లు విడిచి పొలములలో గుడిసెలు వేసికొన్న కథలు తాతలు చెప్పగా వినియున్నాము. పశువులను ఊళ్లకు ఊళ్లే హరించిన ముసర వ్యాధి 2011 నాటికి లోకమున లేకుండ పోయినది. టీకాయు, ఎడతెగని నిఘాయు దానిని తుదముట్టించినవి.

2019లో ఆరంభమైన జాతీయ పథకము క్రింద పశువులకు గాలికుంటు టీకా ఉచితముగా వేయుచున్నారు. పిల్లుల టీకా అందులో లేదు. ఉచితముగా ఇయ్యజాలకున్నను, తాలూకా పశువైద్యశాలలలో వెలకైనను దొరకునట్లు చేయుడని అధికారులను వినయముతో కోరుచున్నాము.

ఇక సోదర విద్యార్థులారా, మనము చేయదగినది ఒకటి కలదు. పశువైద్యశాల ప్రకటనలు కన్నడమున నుండును. క్యాంపులలోని మన అవ్వలు, తాతలు పలువురు తెలుగు మాత్రమే చదువగలరు. మనకు రెండు భాషలును వచ్చును. ఆ ప్రకటనలను తెలుగున వ్రాసి గాదెల కడ, మిల్లుల కడ అంటింతము. దిక్కులేని కూన కంటబడినచో ఇంటిపిల్లితో కలుపక, వేరొక బుట్టలో పెట్టి వైద్యుని కడకు చేర్చుదము. మా పాకలో మిగిలిన ఆ యొక్క కూన నేడు పెద్దదై గాదె కడ కాపున్నది. దానిని చూచినప్పుడెల్ల తక్కిన నాలుగును మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.