అచ్చిరాని సైకిల్ ఉండదు

శనివారం ఇనుము ఇంటికి తేకూడదని చదువుకున్న వాళ్ళే చెపుతారు. అలా చెప్పేవాళ్ళ ఇంట్లో సైకిల్ పాడైతే తప్పు శని మీదకి పోతుంది.

బస్తర్‌లో దసరా వేడుకలు 75 రోజులు జరుగుతాయి. జగదల్‌పూర్‌లో లాగే దంతేశ్వరి దేవి రథానికైనా వడ్రంగి, కమ్మరి చెయ్యి పడాల్సిందే. కానీ ఆయుధ పూజనాడు సైకిల్‌కి బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తే చాలు అనుకునేవాళ్ళు ఉన్నారు.

ఇక్కడ ఒక తెలుగు కుటుంబం కూతురికి శనివారంనాడు సైకిల్ కొన్నది. వానలు వెలిసేసరికి వెనక చక్రం గరగరలాడింది. నిమ్మకాయ తొక్కించినా శబ్దం పోలేదు. "అచ్చిరాలేదండీ, అమ్మేస్తాం" అన్నారు. "మరి అమ్మాయి స్కూలుకి ఎలా వెళుతుంది?" అని అడిగితే జవాబు లేదు.

నేను రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో పని చేసి రిటైరైనవాణ్ణి. వోచర్ లేని ఖర్చు ఒప్పుకోను. శని పేరున రాసిన ఈ ఖర్చుకి వోచర్ ఏది? హబ్ విప్పి చూపించాను. లోపల గ్రీజు లేదు, తుప్పూ ఎర్ర మట్టీ ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నీళ్ళల్లో తొక్కిన సైకిల్‌కి దసరా నాటికి ఆ గతే పడుతుంది. అందులో గ్రహాల పాత్ర ఏముంది?

ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. చక్రం ఊడదీసి, కింద పళ్ళెం పెట్టి, ఎడమవైపు లాక్ నట్టు, కోను విప్పి, ఇరుసుని గొలుసు వైపుకి లాగాలి. మామూలు రోడ్డు సైకిల్ వెనక హబ్‌లో పావు అంగుళం గుండ్లు వైపుకి 9 చొప్పున 18 ఉంటాయి. అన్నిటినీ కిరసనాయిలుతో కడిగి, గుంటలు పడిన కోను, అరిగిన గుండ్లు మార్చాలి. కప్పుల్లో గ్రీజు నింపి గుండ్లు అతికించి, కోను బిగించాలి. చక్రం పక్కకి ఊగకూడదు, బిగుసుకుపోనూ కూడదు. అప్పుడు కోను కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించాలి.

సైకిల్‌లో బాల్ బేరింగులు వాడడానికి ఫ్రెంచి మెకానిక్ జూల్ సురిరే 1869లో పేటెంట్ తీసుకున్నాడు. రుద్దుకునే చోట దొర్లిస్తే రాపిడి తగ్గుతుంది. అది ఏ వారమైనా పని చేసే సూత్రం.

నమ్మనివాళ్ళు రెండు సైకిళ్ళు తీసుకోండి. ఒకదానికి బొట్టు పెట్టి హబ్ ముట్టుకోకండి. రెండోది శనివారంనాడే విప్పి గ్రీజు పెట్టండి. వచ్చే వానాకాలం దాటాక రెండు చక్రాలూ తిప్పి చూడండి.